వాన తగ్గలేదంటారు, బోరు మాత్రం ఎండుతోంది: వేడెక్కిన భూమి మీద మంచినీళ్ల లెక్క

శిఖంభూమి (చర్చ మొదలు)

కృష్ణా నది మీద ఏడాది తిరిగీ తిరక్కుండానే రెండు చివరలూ చూశాం. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశం మొత్తమ్మీద అతి తక్కువ వాన పడిన ఆగస్టు 2023 ఆగస్టు. మరుసటి వేసవికి నాగార్జునసాగర్ అడుగంటింది, ఉన్న నీళ్లు తాగడానికైనా సరిపోతాయా అని లెక్కలు వేసుకున్నారు. 2024 సెప్టెంబరు 2న అదే నది మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దిగాయి. ఆ బ్యారేజీ చూసిన వరదల్లో అదే పెద్దది.

ఊళ్లలో దీని మీద రెండు మాటలున్నాయి. "కాలం మారింది, వానలు తగ్గాయి, అందుకే బోర్లు ఎండుతున్నాయి" అన్నది ఒకటి. "వానలకేం కాలేదు, మనమే తోడేస్తున్నాం" అన్నది ఇంకోటి. ఇందులో ఏది ఎంత నిజమో అంకెలతో చెప్పగలవాళ్లు చెప్పండి. ఒక బోరు, నాలుగెకరాలు ఉన్న రైతు ఏం చేయొచ్చో, చెరువు ఉన్న ఊరు ఏం చేయొచ్చో కొలతలతో రాస్తే పదిమందికి పనికొస్తుంది.

ఆవిరి

వాతావరణం వైపు నుంచి మొదలుపెడతాను. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. భూమి మొత్తమ్మీద కురిసే వాన మాత్రం డిగ్రీకి 1 నుంచి 3 శాతమే పెరుగుతుందని ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్య సమితి శాస్త్రవేత్తల సంఘం) ఆరో నివేదిక చెబుతోంది. ఈ రెండంకెల మధ్య తేడాయే మన తలనొప్పికి మూలం. మబ్బు కురిసే సమయానికి దాని చేతిలో ఆవిరి ఎక్కువుంటుంది, కాబట్టి కుండపోతగా పోస్తుంది. ఏడాది మొత్తం అంతగా పెరగదు కాబట్టి ఆ మేరకు మిగతా రోజుల్లో వాన తగ్గాలి. కురిసే గంటలు తగ్గి, గంటకు కురిసేది పెరుగుతుంది.

1850–1900 నాటితో పోలిస్తే 2011–2020 దశాబ్దానికి భూమి ఉపరితలం సగటున 1.1 డిగ్రీలు వేడెక్కింది. బొగ్గు, చమురు, గ్యాసు కాల్చడం వల్ల, అడవులు కొట్టడం వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ 280 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లు) నుంచి 420 దాటింది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 మధ్య మూడింతలయ్యాయని 2017లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఆ కాలంలో అక్కడ రుతుపవనాల మొత్తం వాన మాత్రం పెరగలేదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. పడింది. ఏ ఒక్క వాననూ పట్టుకుని "ఇది పూర్తిగా వాతావరణ మార్పే" అనకూడదు. అలాంటివి వచ్చే అవకాశం పెరిగింది అనడంలో మాత్రం సందేహం లేదు.

కాబట్టి "వానలు తగ్గాయి" అన్న మాటను "వానకూ వానకూ మధ్య ఎడం పెరిగింది" అని దిద్దుకుంటే నిజానికి దగ్గరవుతాం. ఆ ఎడంలో గాలి కూడా వేడిగా ఉంటుంది, నేలలోంచి, ఆకులోంచి ఎక్కువ నీరు లాగేస్తుంది.

రాతిపొర

ఇక నేల కింద సంగతి. తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో చాలా చోట్ల కింద గ్రానైటు, నైస్ రాళ్లు. పైన మన్ను, దాని కింద 10–20 మీటర్ల మొరం, ఆ కింద పగుళ్లున్న రాయి, ఇంకా కిందకు పోతే బండ. నీళ్లుండేది మొరంలో, పగుళ్లలో. హైదరాబాద్‌కు దక్షిణాన మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కొలిచి తేల్చింది ఏమిటంటే, ఆ రాతి పరిమాణంలో నీళ్లు వదిలే చోటు సుమారు 1.4 శాతమే. వంద బిందెల రాతిలో బిందెన్నర నీళ్లు కూడా రావు.

ఇప్పుడు లెక్క. ఏడాదికి 750 మి.మీ. వాన అనుకుందాం. బంకమన్ను తక్కువగా ఉన్న గ్రానైటు నేలల్లో వానలో 11 శాతం ఇంకుతుందని భూగర్భ జలాల అంచనా కమిటీ 1997 ప్రమాణం. అంటే 82 మి.మీ. దాన్ని 1.4 శాతంతో భాగిస్తే మట్టం దాదాపు 6 మీటర్లు పైకొస్తుంది. చూడ్డానికి పెద్ద పెరుగుదల, చేతికి వచ్చే నీళ్లు మాత్రం ఎకరానికి 3.3 లక్షల లీటర్లే.

యాసంగి వరికి ఎకరానికి 1,200 మి.మీ. పెట్టామనుకోండి. నీటిమట్టం 10–25 మీటర్ల లోతులో ఉంటే అందులో 35 శాతం మళ్లీ కిందకు దిగుతుందని అదే ప్రమాణం. నికరంగా పోయేది 780 మి.మీ. అంటే ఒక ఎకరం వరి తొమ్మిదిన్నర ఎకరాల మీద ఇంకిన వానను తాగుతుంది. ఊళ్లో పదో వంతు భూమిలో బోరు కింద యాసంగి వరి వేస్తే ఏడాది ఇంకిన నీళ్లన్నీ దానికే సరి. ఇది ఏ వాతావరణ మార్పూ లేకుండానే. అందుకే శిఖంభూమి గారూ, మీరు చెప్పిన రెండో మాటకు బరువెక్కువ. మొదటిది దాని మీద పడే అదనపు దెబ్బ.

కుంటగట్టు

రాతిపొర సార్, ఒక్క దాంట్లో తేడా కనిపిస్తోంది. కుండపోత వాన నేలలోకి దిగే టైమే ఉండదు, అంతా వాగులో పడి పోతుంది. వానలు గట్టివైతే మీ 11 శాతం కూడా తగ్గాలి కదా? అన్ని పత్రికల్లోనూ అదే రాస్తారు.

రాతిపొర

అలా రాస్తారు, పూర్తిగా నిజం కాదు. మన రాతి నేలల్లో 15–20 మి.మీ. చిన్న వాన పైమన్నును తడిపి, రెండు మూడు రోజుల్లో ఆవిరై పోతుంది. కిందకు చుక్క చేరదు. మన్ను తన దాహం తీర్చుకున్నాక వరసగా పడే పెద్ద వానలే మొరంలోకి దిగుతాయి. ఉత్తర, వాయవ్య భారతంలో భూగర్భ జలాలకు చిన్న, ఓ మోస్తరు వానలు ముఖ్యమని, దక్షిణ భారతంలో భారీ వానలతోనే గట్టి సంబంధం కనిపిస్తోందని 2018లో వచ్చిన అధ్యయనం చూపించింది. టాంజానియాలోని మకుటపోరాలో కూడా గ్రానైటు నేలే, ఎండ ప్రాంతమే. అక్కడ 55 ఏళ్లుగా రాసిపెట్టిన నీటిమట్టాల్లో పెద్ద పెరుగుదలలన్నీ కొద్దిపాటి అతి భారీ వానల కాలాల్లో వచ్చినవే.

మరి నష్టమెక్కడ? రెండు చోట్ల. ఒకటి, కింద చోటు 1.4 శాతమే కాబట్టి నిండాక మిగిలింది పైనుంచే పోతుంది. ఒక ఏడాది రెండింతలు పడ్డా రెండేళ్లకు దాచుకోలేం. రెండు, వానల మధ్య ఎడం. ఖరీఫ్ మధ్యలో 25 రోజులు వాన మొహం చాటేస్తే, ఒకప్పుడు వానాకాలంలో ఆపి ఉంచిన మోటర్లన్నీ ఒకేసారి నడుస్తాయి. నిండాల్సిన నెలల్లో తోడుతాం.

ఉపగ్రహాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. భూమి ఆకర్షణలో వచ్చే తేడాలను బట్టి నీటి నిల్వల మార్పును పసిగట్టే గ్రేస్ జంట ఉపగ్రహాల్ని 2002లో వదిలారు. వాటి కొలతల ప్రకారం పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఢిల్లీ ప్రాంతం 2002–2008 మధ్య 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భ జలం పోగొట్టుకుంది. దక్షిణాదిలో 2002–2013 మధ్య నిల్వలు పెరిగాయి. ఇది చూసి మనకు ఫరవాలేదనుకోకూడదు. పంజాబ్ ఒండ్రు పెద్ద గాదె, పోగొట్టుకున్నా అడుగున ఇంకా ధాన్యం ఉంటుంది. మనది కుండ. రెండు మంచి వానలకు నిండుతుంది, ఒక్క కరువుకు ఖాళీ అవుతుంది.

శిఖంభూమి

నేనింతకాలం తలకిందులుగా అనుకుంటున్నాను. కింద చోటు లేకపోతే పైన ఆపాలి. అంటే చెరువులే కదా?

మత్తడి

చెరువులే. కానీ కట్టినప్పటి వాన వేరు, ఇప్పటి వాన వేరు. అది చూసుకోకుండా పూడిక తీసి వదిలేస్తే కట్టకే ముప్పు.

ముందుగా మాట. తెలంగాణలో మత్తడి, రాయలసీమలో మరువ, నెల్లూరు వైపు కలుజు, కొన్నిచోట్ల అలుగు. అన్నీ ఒకటే: చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే రాతి గోడ. చెరువు ప్రాణం దాని పొడవు మీద ఉంటుంది.

మత్తడి మీదుగా సెకనుకు పోయే ఘనపు మీటర్లు తెలియాలంటే 1.7ను మత్తడి పొడవుతో (మీటర్లలో) గుణించి, దాని మీద నిలిచే నీటి ఎత్తు 1.5వ ఘాతంతో గుణించాలి. పైనుంచి వచ్చే వరదకు 0.278ను పారుదల గుణకంతో (పడిన వానలో పారే వంతు), గంటకు పడే మిల్లీమీటర్లతో, పరీవాహక ప్రాంతం చదరపు కిలోమీటర్లతో గుణించాలి. 5 చ.కి.మీ. పరీవాహకం, గుణకం 0.4, మత్తడి పొడవు 20 మీటర్లు తీసుకోండి. గంటకు 30 మి.మీ. వానకు 16.7 ఘనపు మీటర్లు వస్తాయి, మత్తడి మీద నీళ్లు 62 సెం.మీ. ఎత్తున పారుతాయి. గంటకు 50 మి.మీ. అయితే 27.8 ఘనపు మీటర్లు, ఎత్తు 87 సెం.మీ. తేడా పాతిక సెంటీమీటర్లే. కానీ కట్ట అంతటా ఒకే ఎత్తులో ఉండదు. బండ్లు, ట్రాక్టర్లు ఎక్కి దిగిన చోట 30 సెం.మీ. కుంగి ఉంటుంది. నీళ్లు మొదట పొర్లేది అక్కడే. పొర్లడం మొదలైతే కాస్సేపట్లోనే గండి.

కాబట్టి మే నెలలో చేయాల్సిన మొదటి పని కట్ట పైభాగాన్ని లెవెల్ పట్టడం. పారదర్శకమైన ట్యూబులో నీళ్లు నింపి ఇద్దరు మనుషులు 10 మీటర్లకోసారి కొలిస్తే చాలు. మత్తడి అంచు నుంచి కట్ట పైకి కనీసం ఎంత ఉందో రాసుకోండి. పై లెక్కలో వచ్చిన నీటి ఎత్తు కంటే కనీసం అర మీటరు ఎక్కువ ఉండాలి. తక్కువున్న చోట పొరలు పొరలుగా, ఒక్కో పొర 15 సెం.మీ. మించకుండా, తడిపి రోలర్ తొక్కించి మన్ను పోయాలి. ట్రాక్టరుతో తెచ్చి కుప్పగా పోసి చదును చేసిన మన్ను మొదటి వానకే జారుతుంది.

ఎక్కువ నీళ్లు ఆగుతాయని మత్తడి మీద ఇసుక బస్తాలు పెట్టడం, రెండు వరసల రాళ్లు పేర్చడం చాలాచోట్ల చూస్తాం. అది చెరువుకు ఉరి. పారే ఎత్తు అంతమేరా తగ్గిపోతుంది.

మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులు లెక్క తేలాయి. పూడిక తీసేటప్పుడు కట్ట లోపలి పాదం నుంచి 10 మీటర్ల లోపు తవ్వకూడదు. అక్కడ పేరుకున్న బంక కట్ట కిందనుంచి నీరు ఊరిపోకుండా కాపాడుతుంది. శిఖం (చెరువు లోపలి నేల) మధ్యలో మాత్రం బంక పొర పోయి మొరం కనపడేదాకా తీస్తే ఇంకుడు పెరుగుతుంది. ఆ బంకను చెలక పొలాలకు తోలితే నేల తడి పట్టే గుణం పెరుగుతుంది, వానల మధ్య ఎడాన్ని పంట ఇంకొన్ని రోజులు తట్టుకుంటుంది. పత్తి మందులు, ఫ్యాక్టరీ నీళ్లు చేరే చెరువు పూడికను పొలానికి తోలొద్దు.

ఆవిరి నష్టం ఎంతో చెప్పకపోతే లెక్క పూర్తికాదు. మార్చి నుంచి మే వరకు రోజుకు 6–8 మి.మీ. పోతుంది. మూడు నెలలకు అర మీటరు పైనే. మీటరున్నర లోతు చెరువులో మూడో వంతు ఎవరికీ అందకుండా గాలిలో కలుస్తుంది. పెద్ద జలాశయాలకూ ఇదే గతి: శ్రీశైలం ఆవిరి నష్టానికే, కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో 33 టీఎంసీలు రాశారు. ఆ జలాశయంలో మొదట 308 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 216 లోపే. కొండచరియల మన్నును ఎక్కువగా కోసుకొచ్చేది కుండపోత వానే. వేసవిలో ఆవిరయ్యే చెరువు నీటిని డిసెంబరు లోపే కింద బావులు, బోర్ల వైపు ఇంకనిస్తే లాభం. రాయలసీమలో కొన్ని ఊళ్లు తూము మూసి, చెరువును పూర్తిగా ఊటచెరువుగా వాడుకోవడం ఇందుకే. ఆయకట్టు రైతులందరికీ బోర్లు ఉన్న చోటే అది న్యాయం. తూము మీదే బతికే రైతు ఒక్కడున్నా ముందు అతనితో మాట్లాడాలి.

నల్లరేగడి

బోరు చుట్టూ ఇంకుడు గుంత కొలతలు ఎవరైనా చెప్పండన్నా. మా వైపు 4 అడుగుల గుంత తీసి కంకర పోసి పోతున్నారు. రెండో ఏడాదికే నీళ్లు నిలబడి దోమలు.

కుంటగట్టు

మొదట ట్యాంకర్ పరీక్ష. మోటర్ ఆపి 5,000 లీటర్ల ట్యాంకర్ నీళ్లు నెమ్మదిగా కేసింగ్‌లో పోయండి. గంటలో మట్టం మళ్లీ మొదటి చోటికి దిగిపోతే ఆ బోరు నీళ్లు తీసుకుంటుంది. అలాగే నిలబడితే పగుళ్లు లేవు, గుంతకు పెట్టే డబ్బు దండగ.

తీసుకుంటే కేసింగ్ మధ్యలో వచ్చేలా 2.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 3 మీటర్ల లోతు. అడుగు నుంచి మీటరున్నర వరకు కేసింగ్‌కు 6 మి.మీ. రంధ్రాలు, చుట్టూ 5 సెం.మీ.కి ఒకటి. వాటి మీద నైలాన్ జాలి రెండు చుట్లు చుట్టి రాగి తీగతోనో, ప్లాస్టిక్ తాడుతోనో కట్టాలి. ఇనుప తీగ తుప్పు పట్టి తెగుతుంది. తర్వాత కింద నుంచి పైకి: పెద్ద రాళ్లు 1 మీటరు, 40 మి.మీ. కంకర 60 సెం.మీ., 20 మి.మీ. కంకర 40 సెం.మీ., దాని మీద ఒక నైలాన్ జాలి పరిచి దొడ్డు ఇసుక 30 సెం.మీ. 100 ఘనపుటడుగుల యూనిట్ లెక్కన రాళ్లు రెండుంపావు, 40 కంకర ఒకటింబావు పైచిలుకు, 20 కంకర ఒక యూనిట్ లోపు, ఇసుక ముప్పావు లోపు. పైన 70 సెం.మీ. ఖాళీగా వదలాలి, నీళ్లు నిలిచి దిగడానికి. కేసింగ్ మూతి నేలకు 60 సెం.మీ. పైన ఉండి గట్టి మూత ఉండాలి.

మీ దగ్గర నీళ్లు నిలబడటానికి కారణం ఒండు. గుంతకు ముందు 1.5 × 1.5 × 1 మీటరు ఒండు గుంత తప్పనిసరి. దాన్నుంచి పైపు పై అంచు దగ్గర తీయాలి, అడుగు నుంచి కాదు. ఏటా మృగశిరకు ముందు ఇసుక పైపొర 5 సెం.మీ. గీకి తీసేసి కొత్త ఇసుక వేయాలి. ఇసుక మీద మట్టి పెచ్చు కట్టి పగుళ్లు తేలి ఉంటే అదే గుర్తు.

గుంత నిల్వకు కాదని గుర్తుపెట్టుకోండి. రాళ్ల మధ్య ఖాళీ 35 శాతం అనుకుంటే పట్టేది 5,000 లీటర్లే. ఎకరం మీద 10 మి.మీ. వాన పడి పావు వంతు పారితే 10,000 లీటర్లు వస్తాయి. అందుకే పైన ఒక చిన్న పంట కుంట ఉండి, అందులో తేరిన నీళ్లు గుంతకు వస్తే పని జరుగుతుంది.

రాతిపొర

ఒక హెచ్చరిక కలుపుతున్నాను. బోరులోకి నేరుగా దింపే నీటికి మన్ను చేసే వడపోత ఉండదు. పత్తి, మిర్చి మందులు కొట్టే చేల నీళ్లు, పశువుల కొట్టం నీళ్లు, రోడ్డు నీళ్లు ఇటు మళ్లించొద్దు. తాగునీటి బోరుకు పైకప్పు నీళ్లే. 100 చ.మీ. డాబా మీద 1 మి.మీ. వానకు 80 లీటర్లు వస్తాయి, మొదటి 2–3 మి.మీ. బయటికి వదిలేయాలి.

పైరగాలి

మాది సముద్రం పక్క. ఇక్కడ బోరు ఎండటం కాదు, ఉప్పు. రొయ్యల చెరువుల వల్లా, సముద్రం పెరగడం వల్లా?

దొరువు

రెండూ, ఇంకో రెండు కూడా. సముద్రమట్టం ప్రపంచ సగటున 1901–2018 మధ్య 20 సెం.మీ. పెరిగింది. 2006–2018లో ఏడాదికి 3.7 మి.మీ. చొప్పున పెరిగింది. దాని మీద, కృష్ణా, గోదావరి డెల్టాలకు పైనుంచి రావాల్సిన ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోతోంది, నేల కుంగుతోంది. ఎండాకాలం నదిలో మంచినీటి తోపుడు లేక ఉప్పునీరు పాయల్లోకి, మురుగు కాలువల్లోకి ఎగదన్నుతుంది. కొల్లేటికి ఉప్పుటేరు గుండా జరిగేది అదే.

ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్రపు నీరు మంచినీటి కంటే 2.5 శాతం బరువు. అందుకే సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్లుంటే కింద 40 మీటర్లు ఉంటాయి. తిరగేసి చూడండి. బావిలో నీటిమట్టం సముద్రం కంటే 50 సెం.మీ. ఎత్తుంటే కింద 20 మీటర్ల మంచినీళ్లు. సముద్రం 20 సెం.మీ. పెరిగి, మురుగు కాలువల వల్ల మన నీటిమట్టం పెరగలేకపోతే ఎత్తు 30 సెం.మీ.కి, మంచినీళ్లు 12 మీటర్లకు తగ్గుతాయి. ఇంజను పెట్టి ఒక్క చోట తోడినా అంతే. కిందనుంచి ఉప్పు శంఖంలా పైకి లేస్తుంది.

బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో పెద్దలు దీనికి కనిపెట్టిన ఉపాయం దొరువు: లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న గుంత, కుండలతో ముంచి పోసుకునేవారు. బాపట్ల పరిశోధన కేంద్రం దాన్నే మెరుగుపరిచింది. మధ్యలో సిమెంటు వరల బావి, దానికి రెండు పక్కలా నేలలో అడ్డంగా రంధ్రాల పీవీసీ పైపులు, జాలి చుట్టి, బావి వైపు కొద్దిగా వాలుగా. వేసవి నీటిమట్టం కంటే అర మీటరు నుంచి మీటరు కిందకు వేస్తే చాలు. లోతు వెళ్లే కొద్దీ ఉప్పుకు దగ్గరవుతాం. మే నెలలో, నీరు అడుగున ఉన్నప్పుడే కాలువ తవ్వాలి, లేకపోతే ఇసుక గోడలు కూలి మనుషుల ప్రాణానికే ముప్పు. చిన్న మోటరు పెట్టి, బావిలో మట్టం 30 సెం.మీ. దిగగానే ఆపాలి. పైపుల పొడవునా కొంచెం కొంచెంగా పైపొరను మీగడ తీసినట్టు తీయడమే ఇందులో కిటుకు.

నీళ్లను ఈసీ మీటరుతో (నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పును చెప్పే మీటరు) నెలకోసారి చూడండి. 1,000 మైక్రోసీమెన్స్ అంటే లీటరుకు సుమారు 640 మి.గ్రా. లవణాలు. తాగునీటికి లీటరుకు 500 మి.గ్రా. మంచి హద్దు, వేరే దారి లేకపోతే 2,000 మి.గ్రా. నేలలో ఉప్పు 3,000 మైక్రోసీమెన్స్ దాటాక వరి దిగుబడి ప్రతి వెయ్యికి 12 శాతం పడిపోతుంది. వేరుశనగ 3,200 దాకా ఓర్చుకుంటుంది, ఆ తర్వాత ప్రతి వెయ్యికి 29 శాతం. అందుకే వేరుశనగ వేసేవాళ్లు మీటరు అంకెను ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఆవిరి

పైరగాలి గారికి ఒక చిన్న చేర్పు. చెన్నై కథ మనకు దూరమేం కాదు. 2019 జూన్‌కు అక్కడి నాలుగు జలాశయాలు ఎండితే జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చారు. 1983 ఒప్పందం ప్రకారం ఆ ఊరికి నీళ్లు వెళ్లేది మన కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో. కృష్ణాలో ఎడం పెరిగితే ఆ నగరం కుళాయిలో కూడా పెరుగుతుంది. గంగ, సింధు నదులకు హిమనదాల నీళ్లు వేసవిలో కొంత ఆసరా. ఆ మంచు కూడా వేగంగా కరుగుతోంది. కృష్ణా, గోదావరులకు ఆ ఆసరా మొదటినుంచీ లేదు.

ఆరుతడి

వరి వేయక తప్పని వాళ్లకు పైపు పద్ధతి. 30 సెం.మీ. పొడవు, 10–15 సెం.మీ. వ్యాసం పీవీసీ పైపు ముక్క. కింది 20 సెం.మీ.కు రంధ్రాలు. అంతవరకు బురదలో దించి, 10 సెం.మీ. పైన ఉంచి, లోపలి మన్నంతా తీసేయాలి. గట్టుకు మీటరైనా దూరంగా పెట్టాలి, గట్టు పక్క మట్టం తప్పు చూపిస్తుంది. నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టి, పైపులో నీళ్లు నేల కింద 15 సెం.మీ.కు దిగినప్పుడే 5 సెం.మీ. నీళ్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వొద్దు. పెట్టే నీళ్లు 30 శాతం దాకా తగ్గుతాయి, మీథేన్ దాదాపు సగానికి పడిపోతుంది. కలుపు పెరుగుతుంది, మొదటి నెల దాన్ని అదుపులో పెట్టుకోవాలి. ఉప్పు నేలల్లో ఇది చేయొద్దు, ఆరితే ఉప్పు పైకి ఉబుకుతుంది.

రాతిపొర

ఆరుతడి గారు చెప్పింది కరెంటుకు, మీథేన్‌కు పూర్తి లాభం. బోరు కింద నీళ్లకు అంత లాభం కాదు. తగ్గిన నీళ్లలో చాలా భాగం ఎలాగూ కిందకు ఇంకి మళ్లీ అదే బోరుకు వచ్చేవి. నిజంగా మిగిలేది ఆవిరి తగ్గినంతే. బోరు ఆయుష్షు పెరగాలంటే యాసంగి వరి ఎకరాలు తగ్గాలి.

శిఖంభూమి

ఎన్ని ఎకరాలు అన్నది ఊరు ఎలా తేల్చుకోవాలి?

బావిగట్టు

కొలిచి. 2003లో మొదలైన ఏపీఫామ్స్ (రైతులే భూగర్భ జలాలను కొలిచి చూసుకునే) పథకం కింద అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల రైతులు చేసింది ఇదే. వానమాపకం, నీటిమట్టం కొలిచే తీగ (మొన నీళ్లకు తగిలితే బజర్ మోగేది), బోరు పోసే నీళ్లు కొలవడానికి ఒక డ్రమ్ము, ఒక గడియారం, గోడ మీద రాసిన పట్టిక.

జూన్ మొదట్లో, అక్టోబరు చివర్లో అవే పది పన్నెండు బోర్లలో మట్టం చూడాలి. సగటున 5 మీటర్లు పెరిగిందనుకోండి. 1.4 శాతం లెక్కన 7 సెం.మీ. నీళ్లు. వెయ్యెకరాల పరీవాహకానికి 2.83 లక్షల ఘనపు మీటర్లు. తాగడానికి, పశువులకు, వచ్చే ఏడు వాన ఆలస్యమైతే ఆదుకోడానికి 30 శాతం పక్కన పెడితే 1.98 లక్షలు. వరికి నికరంగా ఎకరానికి 3,150 పోతే 62 ఎకరాలు. వేరుశనగకు 450 మి.మీ. పెట్టి 15 శాతం తిరిగొస్తుందనుకుంటే ఎకరానికి 1,550, అంటే 127 ఎకరాలు. ఈ అంకెలు దసరా, దీపావళి మధ్య, నారు పోయక ముందే గ్రామసభలో చెప్పాలి. నాట్లు పడ్డాక ఎవరూ వినే స్థితిలో ఉండరు. నీళ్లు వదిలే శాతం ఊరికో తీరుగా మారుతుంది, భూగర్భ జల శాఖ వాళ్లనడిగి మీ ప్రాంతపు అంకె తీసుకోండి.

నల్లరేగడి

తీగతో కొలిస్తే ఒకే బోరులో ఉదయం 14 మీటర్లు, సాయంత్రం 19 మీటర్లు వస్తోందన్నా. మీటరు పాడైందా?

బావిగట్టు

మీటరు బాగానే ఉండొచ్చు. మూడు చూడండి. మోటర్ ఎంతసేపు ఆగి ఉంది? రాత్రంతా ఆపి, తెల్లవారి కరెంటు రాకముందు చూసిందే లెక్కకు తీసుకోవాలి, పక్క పొలం బోరు కూడా ఆగి ఉండాలి. రెండోది, పై పగుళ్ల నుంచి బోరు గోడ మీదుగా నీళ్లు కారుతుంటే తీగ మొన తడిసి బజర్ ముందే మోగుతుంది. మోగిన చోట ఆపకుండా ఇంకో రెండు మీటర్లు దింపండి. మోత తెగి మళ్లీ వస్తే మొదటిది కారే నీరు, మోత ఆగకుండా నిలిస్తే అసలు మట్టం. మూడోది, తీగ మోటర్ కేబుల్‌కు చుట్టుకుని వంకరగా దిగుతోందేమో. ఈసారి మోటర్ పైకి తీసినప్పుడు డెలివరీ పైపు పక్కనే 25 మి.మీ. పీవీసీ పైపు ఒకటి, అడుగున మూతకు రంధ్రాలు పెట్టి, మోటర్ పైదాకా దింపేయండి. ఇకనుంచి తీగ అందులోంచే వేస్తే చుట్టుకోదు, కారే నీళ్లూ తగలవు. కొలత ఎప్పుడూ కేసింగ్ మూతి నుంచి తీసి, మూతి నేలకు ఎంత ఎత్తుందో అది తీసేసి రాసుకోండి.